సోషల్ జస్టిస్ స్టడీస్ చదువుతానంటున్న అమ్మాయి గురించి ఒక తండ్రికి

మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. మీరు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్నారు. హైస్కూలు పూర్తిచేసిన మీ అమ్మాయి కంప్యూటర్ సైన్సులో చేరుతుందని మీ దంపతులిద్దరూ అనుకుంటున్న సమయంలో, దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో ఎత్నిక్ స్టడీస్ ప్రధానంగా సోషల్ జస్టిస్ స్టడీస్ చదువుతాననీ, రెండేళ్ల తర్వాత బర్క్‌లీకో శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్‌కో మారతాననీ చెప్పింది. ఇది అసలు డిగ్రీయేనా, యూనివర్సిటీలో చెల్లుతుందా, రేపు ఉద్యోగం వస్తుందా అని మూడు ప్రశ్నలు అడిగారు. చివర్లో కొంచెం మొహమాటంతోనే, ‘ఎవరెవరి గొడవలో మన పిల్లలెందుకు చదవాలి’ అన్నారు. నేను కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో పదిహేడేళ్లుగా పనిచేస్తున్నాను. మొదటి తొమ్మిదేళ్లు రెండు కాలేజీల మధ్య కారులో తిరుగుతూ ఆసియన్ అమెరికన్ స్టడీస్ పాఠాలు చెప్పాను. ఆ తర్వాత నుంచి ట్రాన్స్‌ఫర్ కౌన్సిలర్‌గా, అంటే పిల్లలు ఇక్కడి నుంచి యూనివర్సిటీకి మారడానికి దారి చూపేవాడిగా ఉన్నాను. మిగతా మూడు ప్రశ్నలకు వేర్వేరు చోట్ల జవాబులు దొరుకుతాయి గాని, ఆ నాలుగో ప్రశ్నకు మన భాషలో మనవాళ్లతో మాట్లాడేవాళ్లు తక్కువ కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

ముందు మాటల సంగతి. తెలుగులో ‘సామాజిక న్యాయం’ అనగానే రిజర్వేషన్లు, ఏ పార్టీ ఏ కులానికి ఎన్ని టికెట్లు ఇచ్చింది, మంత్రివర్గంలో ఎవరికి చోటు దక్కింది అన్న లెక్కలు గుర్తుకొస్తాయి. ‘ఎత్నిక్’ అన్నదానికి మనకు నికరమైన మాటే లేదు. జాతి అంటే దేశ ప్రజలూ అవుతారు, తెగా అవుతుంది, రంగును బట్టి చేసిన విభజనా అవుతుంది. అందువల్ల మీ అమ్మాయి చెప్పిన పేరు మీకు చదువులా కాక రాజకీయంలా వినిపించి ఉంటుంది. కాలిఫోర్నియాలో ఎత్నిక్ స్టడీస్‌కు చట్టంలోనే హద్దులున్నాయి. ఆఫ్రికన్ అమెరికన్లు, ఆసియన్ అమెరికన్లు, మెక్సికో, లాటిన్ అమెరికా మూలాలున్న చికానో లాటినోలు, ఈ నేల మూలవాసులు అనే నాలుగు సముదాయాల చరిత్రనూ, శ్రమనూ, చట్టంతో వాళ్లు పడిన పెనుగులాటనూ, వాళ్లు రాసుకున్న సాహిత్యాన్నీ ప్రధానంగా వాళ్ల వైపు నుంచి చదవడం అందులోని విషయం. సోషల్ జస్టిస్ స్టడీస్ ఇంకొంచెం విశాలమైనది. దానిలో స్త్రీ పురుష భేదం, వర్గం, లైంగికత, వైకల్యం కూడా చేరతాయి. ఆ నాలుగు సముదాయాల్లో రెండోది మనది. ‘ఎవరెవరి గొడవలో’ అన్న మాటలోని ఎవరెవరిలో మనమూ ఉన్నామన్నమాట.

ఎలా ఉన్నామో చెప్పడానికి నేను క్లాసులో ప్రతి సారీ ఒకే కేసుతో మొదలుపెట్టేవాణ్ణి. భగత్ సింగ్ థింద్ 1913లో పంజాబు నుంచి వచ్చిన సిక్కు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. ఆ రోజుల చట్టం ప్రకారం బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లలో తెల్లవాళ్లకూ, ఆఫ్రికా సంతతి వాళ్లకూ మాత్రమే పౌరసత్వం ఇచ్చేవారు. 1922 నవంబరులో తకావో ఒజావా అనే జపనీయుడి కేసులో సుప్రీంకోర్టు, తెల్లవాడంటే కాకేసియన్ అనీ, జపనీయుడు కాకేసియన్ కాడనీ చెప్పి అతని దరఖాస్తును కొట్టేసింది. మూడు నెలలకు, 1923 ఫిబ్రవరి 19న, థింద్ కేసు తీర్పు వచ్చింది. అప్పటి శాస్త్రకారులు ఉత్తర భారతీయులను కాకేసియన్లలోనే చేర్చారు కాబట్టి థింద్ గెలవవలసింది. కోర్టు మాత్రం, శాస్త్రం సంగతి ఎలా ఉన్నా మామూలు మనిషి దృష్టిలో ఇతడు తెల్లవాడు కాడు కాబట్టి పౌరసత్వానికి తగడు అని తేల్చింది. అంతకుముందే పౌరసత్వం పొందిన భారతీయుల నుంచి కూడా దాన్ని వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టారు. అలా పౌరసత్వం పోగొట్టుకున్న శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాపారి వైష్ణో దాస్ బగాయ్ 1928లో ఉత్తరం రాసిపెట్టి ఆత్మహత్య చేసుకున్నాడు. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు భూమి కొనకూడదని కాలిఫోర్నియాలో 1913 నుంచి చట్టం ఉండేది. థింద్ తీర్పు తర్వాత ఇంపీరియల్ లోయలో పత్తి, కూరగాయలు పండిస్తున్న పంజాబీ రైతులకు అది ఉరితాడైంది.

ఈ కేసులో ఇంకొక మెలిక ఉంది, దాన్ని విద్యార్థులతో చదివించకుండా నేనెప్పుడూ వదిలిపెట్టలేదు. థింద్ తరఫు వాదనలో ఒక భాగం, తాను అగ్రకుల ఆర్యుణ్ణి అనీ, తెల్లవాడు నల్లవాణ్ణి ఎలా దూరం పెడతాడో తమ వాళ్లు భారతదేశపు ఆదిమవాసులను అలాగే దూరం పెడతారనీ చూపించడం. తెల్లదనానికి రుజువుగా కులాన్ని కోర్టు ముందు పెట్టిన కాగితాలవి. అన్యాయానికి గురైన మనిషి తన రక్షణ కోసం ఇంకొక అన్యాయాన్ని ఆసరాగా తీసుకోవడం ఆ పేజీల్లో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. మీ అమ్మాయి చదవబోయేది ఇలాంటి పత్రాలను. నినాదాలు రాయడానికి ఈ చదువు అక్కరలేదు. ఒక కోర్టు తీర్పును దాని ముందు వచ్చిన తీర్పు పక్కన పెట్టి, ఎవరు ఏ మాటను ఏ అర్థంలో వాడారో వాక్యం వాక్యం పట్టి చూడటానికి ఈ చదువు కావాలి.

ఆ కాలంలో తెలుగువాళ్లు ఇక్కడ లేరా అని మీరు అడగవచ్చు. దర్శి చెంచయ్యగారు 1910లలో చదువుకోసం కాలిఫోర్నియా వచ్చి, భారత స్వాతంత్ర్యంకోసం 1913లో ఈ తీరంలో పుట్టిన గదర్ పార్టీలో చేరి, ఆ పని మీదే తిరుగుతూ పట్టుబడి జైళ్లలో మగ్గారు. ఆయనలాగే ప్రకాశం జిల్లా వాడినై ఉండి కూడా నేను ఆయన పేరును ఇక్కడికి వచ్చాక, పాఠం తయారుచేసుకుంటున్నప్పుడు తెలుసుకున్నాను. అదీ కాక జనాభా లెక్కలు చూడండి. 1930 లెక్కల్లో భారతీయులను, ముస్లిములను, సిక్కులను కూడా కలిపి, ‘హిందూ’ అనే జాతిగా రాశారు. 1970లో అదే మనుషులను తెల్లవాళ్ల కింద లెక్కపెట్టారు. 1980 నుంచి ‘ఏషియన్ ఇండియన్’ అనే గడి వచ్చింది. యాభై ఏళ్లలో మనిషి మారలేదు, కాగితం మీద గడే మారుతూ వచ్చింది. ఆ గడి ఎందుకు మారింది, ఎవరు అడిగితే మారింది, మారడం వల్ల ఎవరికి ఏం దక్కింది అన్న ప్రశ్నలు ఎత్నిక్ స్టడీస్‌లో మొదటి టర్మ్‌లోనే వస్తాయి.

1946లో లూస్-సెల్లర్ చట్టం భారతీయులకు పౌరసత్వ అర్హతా, ఏడాదికి సుమారు వంద వీసాలూ ఇచ్చింది. నిజంగా తలుపు తెరుచుకున్నది 1965 వలస చట్టంతో. అది నల్లవాళ్ల పౌరహక్కుల ఉద్యమం 1964లో పౌరహక్కుల చట్టాన్నీ, 1965లో ఓటుహక్కు చట్టాన్నీ సాధించుకున్న ఆ ఊపులో వచ్చిన చట్టం; పుట్టిన దేశాన్ని బట్టి మనుషులను వడగట్టే పద్ధతి తప్పని దేశం ఒప్పుకోవడానికి ఆ ఉద్యమమే వాతావరణం తయారుచేసింది. డెబ్బయ్యవ దశకంలో గుంటూరు నుంచి, కాకినాడ నుంచి, ఉస్మానియా నుంచి వచ్చిన డాక్టర్లూ, తర్వాత హెచ్‌1బీ మీద వచ్చిన మీరూ నేనూ ఆ తలుపులోంచే వచ్చాం. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఓలేత్‌లో మన కూచిభొట్ల శ్రీనివాస్‌ను, నా దేశం నుంచి వెళ్లిపో అని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. ఆ వారం నా క్లాసులో ఇద్దరు తెలుగు పిల్లలు ఉన్నారు. వాళ్లకు ఏడుపుతో పాటు థింద్ తెలుసు, బగాయ్ తెలుసు, 1987లో జెర్సీ సిటీలో భారతీయులపై జరిగిన దాడులు తెలుసు. తమకు జరిగింది ఏమిటో చెప్పుకోవడానికి వాళ్ల దగ్గర మాటలున్నాయి. ఇంట్లో తల్లిదండ్రుల దగ్గర ఆ మాటలు లేవని వాళ్లే నాతో అన్నారు.

ఇక కమ్యూనిటీ కాలేజీ గురించి. మంచి యూనివర్సిటీలో సీటు రాని పిల్లలు చేరే చోటు అన్న అభిప్రాయం మనవాళ్లలో బలంగా ఉంది. ఈ సబ్జెక్టు విషయంలో ఆ అభిప్రాయం చరిత్రకే విరుద్ధం. 1960ల మధ్యలో ఓక్‌లాండ్‌లో ఇప్పుడు మెరిట్ కాలేజీ అని పిలిచే కమ్యూనిటీ కాలేజీలో నల్ల విద్యార్థులు తమ చరిత్రకు పాఠ్యక్రమంలో చోటు కావాలని పట్టుబట్టారు. ఆ తర్వాత నల్లవాళ్ల హక్కులకోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ పెట్టిన హ్యూయీ న్యూటన్, బాబీ సీల్ అక్కడి విద్యార్థులే. 1968 నవంబరు 6న శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్‌లో బ్లాక్ స్టూడెంట్ యూనియనూ, చైనా, ఫిలిప్పీన్స్, మెక్సికో, లాటిన్ అమెరికా మూలాల విద్యార్థి సంఘాలు కలిసి ఏర్పడిన థర్డ్ వరల్డ్ లిబరేషన్ ఫ్రంటూ సమ్మెకు దిగాయి. అది 1969 మార్చి దాకా, దాదాపు అయిదు నెలలు నడిచింది. పోలీసులు క్యాంపస్‌లోకి వచ్చారు, వందల మంది అరెస్టయ్యారు, జనవరిలో అధ్యాపకుల సంఘం కూడా సమ్మెలో చేరింది. పదిహేను డిమాండ్లలో అన్నీ నెరవేరలేదు గాని, అమెరికాలో మొట్టమొదటి కాలేజ్ ఆఫ్ ఎత్నిక్ స్టడీస్ ఆ సమ్మె ఫలితంగానే 1969లో పుట్టింది. ఆ శీతాకాలంలోనే బర్క్‌లీలోనూ సమ్మె జరిగి అక్కడ ఎత్నిక్ స్టడీస్ విభాగం ఏర్పడింది. మీ అమ్మాయి పేర్కొన్న రెండు క్యాంపస్‌లూ ఇవే. ఆమె తెలిసే ఎంచుకున్నట్టుంది.

యూనివర్సిటీలో మొదటి రెండేళ్ల క్లాసులు తరచు వందల మంది కూర్చునే హాల్లో జరుగుతాయి. కమ్యూనిటీ కాలేజీలో ముప్పై నలభై మంది ఉంటారు. పక్క బెంచీలో సాలినాస్ పొలాల్లో పెరిగిన అబ్బాయి, రాత్రి డ్యూటీ చేసి వచ్చిన ఫిలిప్పీనో నర్సమ్మ, సైన్యం నుంచి తిరిగొచ్చిన మనిషి, యాభై ఏళ్లకు మళ్లీ చదువు మొదలుపెట్టిన అమ్మమ్మ కూర్చుంటారు. వలస, కూలి, ఇంటి అద్దె, పోలీసు అనే మాటలు పాఠంలో వచ్చినప్పుడు వాటిని అనుభవించినవాళ్లు ఆ గదిలోనే ఉంటారు. ఈ సబ్జెక్టుకు అంతకంటే మంచి ప్రయోగశాల నాకు తెలియదు.

ఇది తేలిక చదువని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి. మూడు యూనిట్ల కోర్సు అంటే వారానికి మూడు గంటలు క్లాసు, ఆరు గంటలు ఇంటి దగ్గర పని అని లెక్క. ఈ కోర్సుల్లో ఆ ఆరు గంటలూ చదవడం, రాయడమే. చదివినదాన్ని తన అభిప్రాయంతో కలిపేయకుండా, ముందు రచయిత ఏమన్నాడో చెప్పి, దానికి ఆధారమేమిటో చూపి, ఆ తర్వాతే తన మాట చెప్పడం నేర్చుకోవాలి. కోపంతో వచ్చి, కోపాన్నే వ్యాసంగా రాసి, సీ గ్రేడు చూసి ఆశ్చర్యపోయిన పిల్లలు నాకు చాలామంది తెలుసు. వాళ్లలో నిలిచినవాళ్లు రెండో టర్మ్‌కి ఎంతో బాగా రాశారు. ఈ చదువు పిల్లలను చదువులో వెనక్కి లాగుతుందన్న భయానికి వ్యతిరేకమైన ఆధారం కూడా ఒకటుంది. శాన్‌ఫ్రాన్సిస్కో హైస్కూళ్లలో తక్కువ గ్రేడున్న తొమ్మిదో తరగతి పిల్లలను ఎత్నిక్ స్టడీస్‌లో చేర్చినప్పుడు వాళ్ల హాజరు 21 శాతం పాయింట్లు, గ్రేడు సగటు 1.4 పాయింట్లు పెరిగాయని స్టాన్‌ఫర్డ్ పరిశోధకుల అధ్యయనం ఒకటి 2017లో అచ్చయింది. అది చిన్న స్థాయిలో, హైస్కూలు పిల్లల మీద జరిగినది కాబట్టి దాన్ని కాలేజీకి యథాతథంగా వర్తింపజేయకూడదు. అయినా తీసిపారేయదగ్గది కాదు.

ఇక్కడ కులం గురించి రాయకపోతే నేను మీకు సగం జవాబే ఇచ్చినవాణ్ణవుతాను. 2022 జనవరిలో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ తన వివక్ష నిరోధక విధానంలో కులాన్ని చేర్చింది. 2023లో రాష్ట్ర చట్టసభ కుల వివక్షను పేరుపెట్టి నిషేధించే బిల్లును ఆమోదించగా, అక్టోబరులో గవర్నరు దాన్ని తిప్పి పంపారు. కాబట్టి మీ అమ్మాయి క్లాసులో ఈ మాట వస్తుంది, భారతీయ పేరున్న పిల్లవైపు అందరూ తిరిగి చూస్తారు కూడా. ఆ రోజుకోసం ఇంట్లో ముందే మాట్లాడి ఉంచండి. మనకు అలాంటివేమీ లేవని చెప్పి పంపకండి. ఉన్నాయని ఆమె నాలుగు వారాల్లో చదివి తెలుసుకుంటుంది, అప్పుడు మీ మీద నమ్మకం పోతుంది. అలాగని పద్దెనిమిదేళ్ల పిల్ల భారతదేశమంతటి తరఫునా జవాబు చెప్పనక్కరలేదు.

నా దగ్గర చదివిన ఒక అమ్మాయి మౌఖిక చరిత్ర అసైన్‌మెంటుకోసం బాపట్ల వైపు పల్లెలో ఉన్న తన నాయనమ్మతో ఫోన్లో ఆరు ఆదివారాలు మాట్లాడింది. మంచినీళ్ల చెరువు దగ్గర ఎవరు ఏ రేవులో దిగేవారు, టీ కొట్టులో ఎవరి గ్లాసు ఎక్కడ బోర్లించి ఉండేది, 1985 జూలైలో కారంచేడులో మాదిగపల్లె మీద దాడి జరిగిందని తెలిసిన రోజు తమ వాకిట్లో పెద్దలు ఏమనుకున్నారు అని అడిగింది. ఆ కుటుంబం బాధితుల పక్షాన ఉన్న కుటుంబం కాదు. ఆ పెద్దావిడ మొదటి రెండు వారాలూ మాట దాటేసి, మూడో ఆదివారం తనే మొదలుపెట్టి చెప్పిందట. ఆ వ్యాసం నేను చదివిన విద్యార్థి రచనల్లో మొదటి వరసలోది. తండ్రి మొదట ఇంటి పరువు తీస్తున్నావని కోప్పడ్డాడు. వ్యాసం చదివిన తర్వాత, తన తల్లితో తను ఎప్పుడూ ఇంతసేపు మాట్లాడలేదని నాకు చెప్పాడు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. ఇది నిజమైన డిగ్రీయే. 2010లో కాలిఫోర్నియా చేసిన ఒక చట్టం ప్రకారం కమ్యూనిటీ కాలేజీలు ‘అసోసియేట్ డిగ్రీ ఫర్ ట్రాన్స్‌ఫర్’ ఇస్తాయి. సోషల్ జస్టిస్ స్టడీస్ అలాంటి డిగ్రీల్లో ఒకటి. మొత్తం 60 సెమిస్టర్ యూనిట్లు చదవాలి, అందులో కనీసం 18 మేజర్‌లో, అంటే ప్రధాన సబ్జెక్టులో ఉండాలి, గ్రేడు సగటు కనీసం 2.0 ఉండాలి. ఈ డిగ్రీతో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థలో మూడో ఏడాది విద్యార్థిగా ప్రవేశం ఖాయం, ఆ తర్వాత ఇంకో 60 యూనిట్లలో బీఏ పూర్తిచేయనివ్వాలి. ఖాయమన్నది వ్యవస్థలో చోటుకే గాని, కోరుకున్న క్యాంపస్‌కు కాదని గుర్తుంచుకోండి. ఒక్కొక్క కాలేజీలో ఈ డిగ్రీ ఒక్కొక్క రకంగా ఉంటుంది. ఒకచోట ఎత్నిక్ స్టడీస్ వైపు, ఇంకొకచోట జెండర్ స్టడీస్ వైపు మొగ్గి ఉంటుంది కాబట్టి ఆ కాలేజీ కేటలాగు చూసి నిర్ణయించుకోవాలి.

బర్క్‌లీ యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా వ్యవస్థలోది. దాని దారి వేరు. ఆ వ్యవస్థలో డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ అనే ఆరు క్యాంపస్‌లు కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులకు షరతులతో ప్రవేశ హామీ ఇస్తాయి. దాన్ని టాగ్ అంటారు, సెప్టెంబరు నెలలోనే దరఖాస్తు చేయాలి. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగో ఆ హామీ ఇవ్వవు. నా సలహా ఏమిటంటే, ఎత్నిక్ స్టడీస్ విభాగం బాగున్న రివర్‌సైడ్‌కు టాగ్ పెట్టి, బర్క్‌లీకి మామూలుగా దరఖాస్తు చేసి, స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థలోని శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్‌నూ, మీకు దగ్గరైన ఈస్ట్ బే క్యాంపస్‌నూ చేతిలో ఉంచుకోవాలి. ఏ కోర్సు ఏ క్యాంపస్‌లో దేనికి సమానమో అసిస్ట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్ చెబుతుంది. కోర్సుకు రిజిస్టర్ చేసుకునే ముందు దానిలో చూడటం అలవాటు కావాలి.

ఇక్కడే పిల్లలు ఎక్కువగా దెబ్బతింటారు కాబట్టి ఒక సంగతి వివరంగా చెబుతాను. 2020 ఆగస్టులో సంతకమైన ఏబీ 1460 చట్టం స్టేట్ యూనివర్సిటీ విద్యార్థులందరికీ మూడు యూనిట్ల ఎత్నిక్ స్టడీస్ కోర్సును తప్పనిసరి చేసింది. ఆ బిల్లు తెచ్చిన షర్లీ వెబర్ తాను దశాబ్దాల పాటు శాన్ డియేగో స్టేట్‌లో ఆఫ్రికానా స్టడీస్ చెప్పిన అధ్యాపకురాలు. ఇప్పుడు రెండు యూనివర్సిటీ వ్యవస్థలకూ ఉమ్మడిగా ఉన్న కాల్-జెట్‌సీ అనే సాధారణ విద్యా పట్టికలో అది ఆరో విభాగం. మీ అమ్మాయి ఏ మేజర్ తీసుకున్నా, కంప్యూటర్ సైన్సే తీసుకున్నా, ఆ కోర్సు చదవక తప్పదు. అయితే ‘జాతి’ అన్న మాట పేరులో ఉన్న ప్రతి కోర్సూ దానికి చెల్లదు. అది ఎత్నిక్ స్టడీస్ విభాగపు కోర్సు అయి ఉండాలి. సోషియాలజీ విభాగం చెప్పే ‘రేస్ అండ్ ఎత్నిసిటీ’ కోర్సు ఈ డిగ్రీలో మేజర్ కింద పనికొస్తుంది గాని, ఆరో విభాగానికి సాధారణంగా పనికిరాదు. నా దగ్గరికి వచ్చిన ఒక విద్యార్థి ఈ తేడా తెలియక అది చదివేసి, ఆఖరి టర్మ్‌లో బయటపడి, వేసవిలో ఇంకో కోర్సు చేయవలసి వచ్చింది. కేటలాగులో ఆ కోర్సు పక్కన ఆరో విభాగం అని రాసి ఉందో లేదో చూస్తే ఈ పొరపాటు జరగదు. రాసి ఉన్న కోర్సును మేజర్‌కూ సాధారణ విద్యకూ రెండింటికీ లెక్కపెట్టుకోవచ్చు.

ఖర్చు విషయం త్వరగా ముగిస్తాను. రెసిడెంట్ విద్యార్థికి యూనిట్ 46 డాలర్లు. 60 యూనిట్లకు 2,760 డాలర్లు. పుస్తకాలు, ఇతర రుసుములు వేరు. మీ అమ్మాయి హెచ్‌4 మీద, అంటే హెచ్‌1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా మీద ఉందన్నారు. హెచ్‌4 మీద ఉన్నవాళ్లు కాలిఫోర్నియాలో స్థిరనివాసం చూపించడానికి అడ్డంకి లేదు. ఏడాదికి పైగా ఇక్కడ ఉన్నట్టు, ఇక్కడే ఉండదలచినట్టు కాగితాలు ఇస్తే రెసిడెంట్ ఫీజే పడుతుంది. ఫెడరల్ ఆర్థిక సహాయం మాత్రం రాదు, జీతం తీసుకునే ఇంటర్న్‌షిప్ కూడా చేయకూడదు. ఈ రంగంలో అనుభవం స్వచ్ఛంద సేవ ద్వారా చాలావరకు వస్తుంది కాబట్టి అది పెద్ద లోటు కాదు. అసలు చిక్కు హెచ్‌4 చెల్లకుండా పోయే ఇరవై ఒకటో పుట్టినరోజు. ఈలోపు మీ గ్రీన్‌కార్డు రాకపోతే ఆమె విద్యార్థి వీసా ఎఫ్1కి మారవలసి ఉంటుంది. యూనివర్సిటీలో చేరిన మొదటి ఏడాదే అది ఎదురవుతుంది. అప్పుడు ఫీజు ఏ లెక్కన ఉంటుందో చేరబోయే క్యాంపస్ రెసిడెన్సీ అధికారి నుంచి ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

ఎఫ్1కి మారితే ఉద్యోగం ప్రశ్నకు జవాబు కూడా మారుతుంది. ఎత్నిక్ స్టడీస్ డిగ్రీకి చదువు తర్వాత పనిచేయడానికిచ్చే అనుమతి, ఓపీటీ, 12 నెలలే. సైన్సు, ఇంజనీరింగు డిగ్రీలకు అదనంగా దొరికే 24 నెలలు దీనికి దొరకవు. ఈ నిజాన్ని దాచి ఆమెను ప్రోత్సహించడం నాకిష్టం లేదు. అందుకని వీసా అనిశ్చితిలో ఉన్న పిల్లలకు నేను గట్టిగా చెప్పేది, స్టాటిస్టిక్స్‌ను రెండో మేజర్‌గా ఆలోచించమని. అది వీసాకోసం కట్టుకున్న ముసుగు కానక్కరలేదు. జనాభా లెక్కల్లోని గడుల గురించి పైన రాశాను. ఆ పట్టికలను స్వయంగా చదివి, ప్రశ్నించి, లెక్కకట్టగలిగినవాళ్లు ఈ రంగంలో చాలా తక్కువమంది ఉన్నారు, నగర ప్రభుత్వాలకూ ప్రజారోగ్య శాఖలకూ వాళ్ల అవసరం చాలా ఉంది.

రెండేళ్ల డిగ్రీ ఒక్కదానితో చెప్పుకోదగ్గ ఉద్యోగం రాదు. బీఏ తర్వాత కూడా ఎక్కువమంది ఇంకొక వృత్తి చదువు చదువుతారు. నా పూర్వ విద్యార్థుల్లో ఎక్కువమంది టీచర్లయ్యారు. కొందరు లాయర్లు, సోషల్ వర్కర్లు, కార్మిక సంఘాల ఉద్యోగులు, ఒకరిద్దరు నర్సులు. లా స్కూళ్లు ఫలానా మేజరే కావాలని అడగవు. బాగా చదవడం, బాగా రాయడం వచ్చిన విద్యార్థి కావాలంటాయి. సిలికాన్ వ్యాలీ జీతాలతో పోలిస్తే వీటిలో చాలావాటి జీతం తక్కువే. ఆ తేడాను అమ్మాయి కాగితం మీద చూసి, బే ఏరియా అద్దెలతో పోల్చుకుని, అప్పటికీ ఇదే కావాలంటే ఆమె నిర్ణయం గట్టిదని అర్థం. కంప్యూటర్ సైన్సుకు బలవంతంగా వెళ్లి, రెండో ఏడాదిలో చదువే మానేసి నా గదిలో కూర్చున్న పిల్లలను నేను చూశాను. వాళ్లతో మాట్లాడటం ఈ ఉద్యోగంలో నాకు అన్నిటికంటే కష్టమైన పని.

మొదటి సెమిస్టర్‌కు నేనైతే ఇంగ్లీషు కాంపోజిషన్, స్టాటిస్టిక్స్, ఆరో విభాగంలో చెల్లే ఆసియన్ అమెరికన్ స్టడీస్ పరిచయ కోర్సు, సోషల్ జస్టిస్ పరిచయ కోర్సు, ఈ నాలుగూ తీసుకోమంటాను. రెండు కోర్సులకు ఒకే అధ్యాపకుడు కాకుండా చూసుకోవడం మంచిది. ఈ రంగంలో వాదనలు ఒకదానితో ఒకటి తలపడటం మొదట్లోనే వినాలి. రిజిస్ట్రేషన్‌కు ముందే ట్రాన్స్‌ఫర్ కౌన్సిలర్‌ను కలిసి రెండేళ్ల ప్రణాళిక రాయించుకోవాలి. ఆ అపాయింట్‌మెంట్ ఆమె పేరు మీద ఆమే తీసుకోవాలి, ఎందుకంటే విద్యార్థి లిఖితపూర్వక అనుమతి లేకుండా ఆమె చదువు వివరాలు తల్లిదండ్రులతో మాట్లాడటానికి ఫెడరల్ చట్టం మమ్మల్ని సాధారణంగా అనుమతించదు. మీరూ రావచ్చా అని ఆమెను అడగండి. తల్లిదండ్రులు పక్కన కూర్చుని విన్న విద్యార్థుల ప్రణాళికలను మధ్యలో మార్చవలసిన అవసరం నాకు అరుదుగా వచ్చింది.